ఆ ఉదయం పిచ్చుక ఎక్కడుంది

పరాయి దేశంలో రెండు గదుల ఇల్లు. నలుగురు ఆడపిల్లలు. స్నానాలగది ఒక్కటే. ఎవరు ఎప్పుడు వెళ్ళాలో తలుపు మీద కాగితం అంటించుకున్నారు. ఆరు నుంచి ఆరూ పది టీచరమ్మ, ఆరూ పది నుంచి ఆరూ ఇరవై పిచ్చుక. పదకొండో నిమిషం పడితే బయటి నుంచి తలుపు మీద దరువు మొదలవుతుంది. ఆ తర్వాత రెండు బస్సులు మారి కాలేజీ, కాలేజీ నుంచి ఇంకో బస్సెక్కి పని, పని నుంచి ఇల్లు. ఇంటి దగ్గరవాళ్ళు చూసేది మాత్రం ఫొటోలు. ఫొటోల్లో కోటు ఉంటుంది, నవ్వు ఉంటుంది, వెనకాల ఏదో పెద్ద భవనం ఉంటుంది. ఆ కోటు నలుగురిదీ అని ఫొటో చెప్పదు.

టీచరమ్మ అనేది ఆ ఇంట్లో పెట్టిన పేరు. ఇక్కడికి రాకముందు రెండేళ్ళు ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పింది. ఇప్పుడు సరుకుల కొట్లో సాయంత్రాలు డబ్బాలు సర్దుతోంది. పిచ్చుక ఆమె కంటే మూడేళ్ళు చిన్నది, మనిషి కూడా చిన్నదే, ఒకచోట కుదురుగా కూర్చునే రకం కాదు. టీచరమ్మని అక్కా అని పిలుస్తుంది. ఇద్దరిదీ ఒకే క్లాసు. పిచ్చుక పని హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీలో.

ఇక ప్రాక్సీ సంగతి చెప్పాలి. మన కాలేజీల్లో చదివిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. అయ్యవారు హాజరు పిలుస్తుంటే తల డెస్కు కిందికి వంచి, గొంతు మార్చి, రాని స్నేహితుడి పేరుకి ‘ప్రెజెంట్ సార్’ అనడం. అది తప్పని ఎవరికీ అనిపించదు. అనని వాడే తప్పుడు మనిషి, వాడితో ఎవరూ టీ తాగరు. ఇక్కడి కాలేజీలో పేర్లు పిలవరు. గుమ్మం దగ్గర చిన్న డబ్బా ఉంటుంది, లోపలికి వెళ్తూ ఒకసారి, బయటికి వస్తూ ఒకసారి దానికి కార్డు ఆనించాలి. కుయ్‌మంటుంది. హాజరు తగ్గితే కాలేజీ వాళ్ళు వీసా ఆఫీసుకి ఉత్తరం రాస్తారు. ఆ ఉత్తరం వెళ్తే సూట్‌కేసు సర్దుకోవడమే. డబ్బా వచ్చింది కదా అని మనవాళ్ళు అలవాటు మానారా? ఇంకా సులువైందనుకున్నారు. గొంతు మార్చే పని కూడా లేదు.

మొదట చేసింది పిచ్చుక. టీచరమ్మ కొట్లో పనిచేసేవాళ్ళంతా చవకగా బస్సు మాట్లాడుకుని మంచుకొండలకి వెళ్తూ ఆమెనీ పిలిచారు. వచ్చి ఏడాదైనా ఆమె చూసింది బస్‌స్టాపులే. వెళ్ళాలా వద్దా అని గింజుకుంటుంటే పిచ్చుక ఆమె మెడలోని కార్డు లాగేసుకుని, ‘కార్డు క్లాసుకెళ్తుంది, నువ్వు కొండకెళ్ళు’ అని తోసింది. రెండు రోజులు టీచరమ్మ మంచులో జారిపడింది, లేచింది, అద్దం మీద ముక్కు ఆనించి బస్సు కిటికీలోంచి పైన్ చెట్లు లెక్కపెట్టింది. స్కూల్లో పిల్లలు ప్రాక్సీ చెబితే బెంచీ ఎక్కించిన మనిషి ఆమె. తిరిగొచ్చి కార్డు మెడలో వేసుకున్నప్పుడు ఆ సంగతి గుర్తొచ్చిందో లేదో తెలియదు.

మూడు వారాల తర్వాత ఒక మంగళవారం ఉదయం పిచ్చుకకి లాండ్రీ సూపర్‌వైజరు ఫోను చేశాడు. ఒకామె రాలేదు, మధ్యాహ్నం దాకా వచ్చి వెళ్ళమన్నాడు. ఇలా మధ్యలో పిలిచినవాళ్ళ గంటలు ఏ రోజువి ఆ రోజు రాయరక్కడ. అన్నీ కలిపి శనివారం రాస్తారు. ఎందుకని అడిగితే అదే పద్ధతి అంటారు. పిచ్చుక కార్డు టీచరమ్మ చేతిలో పెట్టి పరిగెత్తింది. టీచరమ్మ తొమ్మిదీ రెండుకి రెండు కార్డులు ఆనించింది. పన్నెండింటికి మళ్ళీ రెండూ ఆనించింది.

ఆ మధ్యలో పదిన్నరకి పిచ్చుక కుడిచెయ్యి కాలింది.

ఆ లాండ్రీలో దుప్పట్లని ఇస్త్రీ చేసేది పెద్ద రోలరు. నిలువెత్తు మనిషిని మడతపెట్టి లోపల పడేయొచ్చు, అంత లావు ఉంటుంది. ఇద్దరు చెరో కొసా పట్టుకుని తడి దుప్పటి అందిస్తే అది లోపలికి లాక్కుంటుంది. దాని ముందు ఒక అడ్డుకమ్మీ ఉంటుంది. చెయ్యి దానికి తగిలితే రోలరు ఆగిపోవాలి. అది దుప్పటి మడత తగిలినా ఆగుతుంది. ఆగితే పని ఆలస్యం. అందుకని సూపర్‌వైజరు ఆ కమ్మీని తీగతో పైకి కట్టేశాడు. ఆ రోజు దుప్పటి అంచు పిచ్చుక వేళ్ళకి చుట్టుకుంది. ఎదురుగా ఇంకో కొస పట్టుకున్న మడతలావిడ రోలరు ఆపే ఎర్ర బటన్ నొక్కి, పిల్ల చేతిని కుళాయి కింద పెట్టి, తన శాలువా కప్పి ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

వేళ్ళు పోలేదు. అరచెయ్యీ వేళ్ళ లోపలి భాగమూ కాలాయి. తొడ మీది చర్మం తీసి అతకాలన్నారు డాక్టర్లు, ఆ పైన నెలల తరబడి వేళ్ళకి కసరత్తు చేయించాలన్నారు. లేకపోతే గుప్పిట ముడుచుకుపోయి అలాగే ఉండిపోతుంది. పనిలో జరిగిన ప్రమాదమైతే ఆ వైద్యమంతా ప్రభుత్వమే చూస్తుంది. ఇంట్లో జరిగిందైతే విద్యార్థుల బీమా కట్టు కట్టడంతో చేతులు దులుపుకుంటుంది.

శనివారం వచ్చింది. సూపర్‌వైజరు రిజిస్టరులో ఏమీ రాయలేదు. ఆ మంగళవారం ఆ అమ్మాయి పనికే రాలేదన్నాడు. మడతలావిడ పిచ్చుక ఫోను తియ్యడం మానేసింది. ఆవిడకి ముగ్గురు పిల్లలు, ఉన్నది ఆ ఒక్క పనే.

పై అంతస్తులో వీసా మావయ్య ఉంటాడు. ఇరవయ్యారేళ్ళకే బట్టతల, మూడేళ్ళ అనుభవం, ఏ ఆఫీసులో ఏ కిటికీ దగ్గర నిలబడాలో కంఠతా వచ్చు. పనిలో ప్రమాదాల మీద విచారణ చేసే ఆఫీసొకటి ఉందని చెప్పి, పిచ్చుక చేత ఎడమచేత్తో ఫిర్యాదు రాయించింది అతనే. అసలు సంగతి తెలియక రాయించాడు. కార్డుల కథ టీచరమ్మ చెప్పగానే మెట్ల మీద కూలబడ్డాడు.

‘‘అంటే లాండ్రీ రిజిస్టరులో లేదు, కాలేజీ రికార్డులో ఉంది. వాళ్ళు రెండూ పక్కపక్కన పెడితే ఈ పిల్ల అబద్ధాలకోరు అయిపోతుంది.’’

నిజం చెబితే ఏమవుతుందని టీచరమ్మ అడిగింది. పోయినేడు ఒకమ్మాయి స్నేహితురాలి బదులు పరీక్ష హాల్లో కూర్చుంటే వారంలో విమానం ఎక్కించారని మావయ్య చెప్పాడు. కార్డు పరీక్ష కాదు కదా అంది టీచరమ్మ. వాళ్ళకి రెండూ ఒకటేనమ్మా, మనకే వేరు వేరు అన్నాడు. నోరు మూసుకోమని ఒకసారి కాదు, మూడుసార్లు చెప్పి వెళ్ళాడు.

పిచ్చుక కూడా అదే మాట. ఆమె అప్పటికే కథ సిద్ధం చేసుకుంది. పొయ్యి మీద పెనం పట్టుకున్నానని చెప్పేస్తుందట. చెయ్యి ముడుచుకుపోతే ఎడమచేత్తో రాయడం నేర్చుకుంటుందట. ‘‘నువ్వు వెళ్ళిపోతే ఆ స్నానాలగది పది నిమిషాలు నాకే వస్తాయని ఆశ పెట్టకక్కా’’ అని నవ్వింది కూడా. టీచరమ్మకి నవ్వు రాలేదు.

ఇక్కడ ఒక మాట. సూపర్‌వైజరు మంగళవారం పనిని శనివారంలో రాస్తే దానికి పద్ధతి అని పేరు. కమ్మీకి తీగ కడితే చాకచక్యం. టీచరమ్మ కార్డు ఆనిస్తే మోసం. మోసమే, కాదనడానికి లేదు. కానీ ఒకే వారంలో రెండు చోట్ల రెండు దొంగ లెక్కలు పడ్డాయి, చెయ్యి కాలింది మాత్రం పిచ్చుకది. కొంపలంటుకున్న భయంతో వణికింది ఈ ఇద్దరు ఆడపిల్లలు. సూపర్‌వైజరు హాయిగా టీ తాగుతున్నాడు.

విచారణ అధికారి యాభై దాటిన మనిషి. చిన్న గది, మూడు కుర్చీలు, కళ్ళద్దాలు ముక్కు చివరికి జారి ఉన్నాయి. తోడుగా వచ్చిన టీచరమ్మని కూడా కూర్చోమంది. పిచ్చుక కట్టు చూసి తలుపు తనే వేసింది. మర్యాదగానే మొదలుపెట్టింది. లాండ్రీ నుంచి వచ్చిన కాగితం చదివింది. తర్వాత కాలేజీ నుంచి వచ్చిన కాగితం బల్ల మీద తిప్పి వాళ్ళ వైపు పెట్టింది. మంగళవారం, తొమ్మిదీ రెండు లోపలికి, పన్నెండు బయటికి. ఆ ఉదయం నువ్వు ఎక్కడున్నావని అడిగింది.

బహుశా తను రోజు పొరపాటు పడ్డానేమో అని పిచ్చుక వచ్చీరాని ఇంగ్లీషులో గొణిగింది. అధికారి కలం తీసింది. ఆ మాట రాసుకుంటే ఇక ఫిర్యాదు ముగిసినట్టే. చెయ్యి కూడా ముగిసినట్టే.

టీచరమ్మ బల్ల మీద చెయ్యి పెట్టింది. రాయవద్దంది. ఆ కార్డు ఆనించింది తనేనని చెప్పింది. ఈమె లాండ్రీలోనే ఉంది, తొమ్మిదీ రెండుకి అక్కడ ఉన్నది ఈమె కార్డు, ఈమె కాదు అంది. వ్యాకరణం తప్పింది, గొంతు తప్పలేదు.

పక్కనుంచి పిచ్చుక తెలుగులో అడ్డుపడింది. ‘‘అక్కా, నోరు మూసుకో. నీ కాళ్ళు పట్టుకుంటా.’’

‘‘ఏ చేత్తో పట్టుకుంటావే?’’ అంది టీచరమ్మ.

అధికారికి భాష రాదు, కానీ అర్థం కాకపోలేదు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఈ సంగతి కాలేజీకి పంపక తప్పదని, పంపితే నీకు ఏం జరుగుతుందో తెలుసా అని అడిగింది. తెలుసంది టీచరమ్మ. అయితే నీ చేత్తోనే రాయమని కాగితం ఇచ్చింది. టీచరమ్మ పేజీన్నర రాసింది.

మర్నాడు ఉదయం అధికారి చెప్పాపెట్టకుండా లాండ్రీకి వెళ్ళింది. కమ్మీకి తీగ ఇంకా అలాగే ఉంది. విప్పే తీరిక కూడా లేదు వాళ్ళకి. దుప్పట్ల లారీ వచ్చి ఉంది మరి. మడతలావిడని పక్కకి పిలిచి, స్నేహితురాలొకామె తన చదువు పోతుందని తెలిసి కూడా నిజం రాసి ఇచ్చిందని మాత్రమే చెప్పిందట. మడతలావిడ చాలాసేపు దుప్పటి మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టి, అప్పుడు నోరు విప్పింది. చెప్పడమే కాదు, చొక్కా చెయ్యి పైకి లాగి మోచేతి దగ్గర తన పాత మచ్చ చూపించింది. అదీ ఆ రోలరుదే. అదీ ఏ రిజిస్టరులోనూ లేదు.

పది రోజుల్లో పిచ్చుక చెయ్యి వైద్యానికి అనుమతి వచ్చింది. ఆ మర్నాడే కాలేజీ నుంచి ఇద్దరికీ పిలుపు వచ్చింది.

కాలేజీ తరఫున విచారణకి ముగ్గురు కూర్చున్నారు. ఎందుకు చేశావని అడిగారు. మా దగ్గర ఇది స్నేహం కింద లెక్క అని టీచరమ్మ చెప్పింది. ఒకాయనకి నవ్వొచ్చి ఆపుకున్నాడు. మధ్యలో కూర్చున్నావిడకి రాలేదు. ఇంకెప్పుడైనా చేశారా అని అడిగింది. ఎప్పుడూ లేదంటే ఎవరికీ తెలియదు. టీచరమ్మ రెండు రోజులు కొండలకి వెళ్ళానని చెప్పేసింది. అప్పుడు నీ కార్డు ఎవరు ఆనించారని ఆవిడ అడిగితే టీచరమ్మ పెదవి బిగించింది. బెంచీ ఎక్కించినా చెప్పని మొండి పిల్లల్ని ఆమె చాలామందిని చూసింది, ఆ రోజు ఆ మొహం ఆమెకే వచ్చింది. పక్క కుర్చీలోంచి పిచ్చుక ఎడమచెయ్యి ఎత్తింది.

గంటసేపు బయట కూర్చోబెట్టి తీర్పు చెప్పారు. ఇద్దరికీ ఆ టర్ము రద్దు. మార్కులన్నీ పోయాయి, ఆరు నెలలు మళ్ళీ చదవాలి. ఇంకొక్కసారి జరిగితే ఉత్తరం వెళ్తుంది. ఇప్పటికి వెళ్ళదు. విమానం తప్పిందంటే వీసా మావయ్య నమ్మలేదు, కాగితం తెచ్చి చూపించమన్నాడు. చూసి, రెండుసార్లు చదివి, మరి పోయినేటి అమ్మాయిని ఎందుకు పంపించారని తనలో తనే గొణుక్కుంటూ మెట్లెక్కాడు.

పిచ్చుక మాత్రం మండిపడింది. ఇంటికొచ్చాక కంచాల ముందు కూర్చున్నారు. కట్టు కట్టినప్పటి నుంచీ పిచ్చుకకి చెంచా ఎడమచేతిలో నిలవడం లేదు. సగం అన్నం ఒళ్ళో పడుతోంది. టీచరమ్మ కంచం తన వైపు లాక్కుని అన్నం కలిపింది.

‘‘నిన్నెవరు చెప్పమన్నారు?’’ అంది పిచ్చుక. ‘‘నా చెయ్యి, నా ఇష్టం. నువ్వు క్లాసులో ఫస్టున్నావు. ఆ మార్కులన్నీ నా మొహాన కొట్టి పోయాయి. రేపు మీ నాన్నకి ఏం చెప్తావు?’’

‘‘తప్పు చేశానని చెప్తా. తర్వాత ఏం చేశానో కూడా చెప్తా. ముందు నోరు తెరు.’’

‘‘నేను జన్మలో నీతో మాట్లాడను.’’

‘‘మాట్లాడకు. తిను.’’

పిచ్చుక మొహం పక్కకి తిప్పుకుంది. ముద్ద గాల్లో అలాగే ఆగింది. టీచరమ్మ చెయ్యి దించలేదు. కాసేపటికి పిచ్చుక కళ్ళు తుడుచుకోకుండానే నోరు తెరిచింది. నములుతూ తిట్టింది, మింగి ఇంకా తిట్టింది, ఉప్పు తక్కువైందని కూడా తిట్టింది. టీచరమ్మ రెండో ముద్ద కలుపుతోంది.