జానెడు దూరంలో చేతులు

ఇనుము చల్లగా ఉంది.

బోధన్ ఊరి చివర చెరుకు తోటల మీంచి పొగమంచు లేచి, తాలీం అనే కుస్తీ గోదా కిటికీలోంచి మెల్లగా లోపలికి వస్తోంది. కుస్తీ మట్టిలో కలిపిన పసుపు, మజ్జిగ, నూనె… ఆ వాసన. దాని వెనకే తుప్పు వాసన.

తుకారాం బల్ల మీద వెల్లకిలా పడుకుని, రెండు అరచేతులూ బరువులెత్తే రాడ్‌కి ఆనించాడు. వెంటనే తీసేశాడు.

ఇంత చలి ఇదివరకు లేదు. ఎన్నో చలికాలాలు ఇదే రాడ్ కింద పడుకున్నాడు. ఎప్పుడూ ఇలా కొరకలేదు.

వయసు, అనుకున్నాడు. అరవై దాటితే చలికి కూడా లోకువే.

తల వెనక, మనిషి నిలబడాల్సిన చోట, ఎవరూ లేరు. సున్నం రాలిన గోడ కనిపిస్తోంది.

ఈ తుకారాం ఉన్నాడే — వయసులో చెరుకు ట్రాక్టర్ నడిపినవాడు. క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు అరిగింది. ట్రాక్టర్ దిగి కిరాణం పెట్టుకున్నాడు. బరువులు ఎత్తడం మాత్రం మానలేదు.

మోకాలు అలిగిన అల్లుడి లాంటిది. వేన్నీళ్లూ నూనే మర్యాదలన్నీ జరిగితేనే లేస్తుంది. నడుము అలా కాదు, చెప్పాపెట్టకుండా వచ్చి పట్టుకుంటుంది. వేళ్లు పొద్దున్నే పిడికిలి కావు. ఎండ ఎక్కాక అవుతాయి.

అయినా తాలీంకి పోయేవాడు.

"పానం ఒద్దంటున్నది గద. మల్ల ఎందుకు పోతవ్?" అనేది భార్య రుక్మాబాయి, బీడీలు చుడుతూ.

"పోకపోతే ఇంకింత నొస్తది."

అది అబద్ధం కాదు. పూర్తి నిజమూ కాదు. కిరాణంలో కూర్చుంటే అతను ముసలాయన. తాలీం గడప దాటి, చిటికెడు మట్టి నుదుటికి రాసుకుంటే… తుకారాం. అందుకని పోయేవాడు.

తాలీంలో బరువులు పాత గానుగ చక్రాలు. ఒకప్పుడు చెరుకు రసం పిండినవి. వాటి పళ్లు అరగదీసి, రాడ్‌కి ఎక్కేలా చేసింది అతీఖ్. శక్కర్‌నగర్ దారిలో వెల్డింగ్ దుకాణం అతనిది. తుకారాం ఈడువాడే. ఇద్దరికీ మీసాలు వచ్చింది కూడా ఈ మట్టిలోనే.

తాలీంకి ఒక రివాజు ఉంది. పడుకుని ఎత్తేవాడి తల దగ్గర ఇంకొకడు నిలబడతాడు. రాడ్ కింద జానెడు దూరంలో రెండు చేతులూ చాపి ఉంచుతాడు. పట్టుకోడు. కిందివాడు ఇక చాలని 'బస్' అనేదాకా వేలు కూడా తగిలించడు. అడగకుండా పట్టుకుంటే అది ఎత్తినవాడికి అవమానం. పాత ఉస్తాద్‌ల నాటి నుంచీ అంతే.

అతీఖ్ అలసిపోగానే బస్ అనేవాడు. నవ్వుతూ, ఏ మాత్రం సిగ్గు లేకుండా. అతని వెనక నిలబడటం తుకారాంకి ఎన్నడూ కష్టం కాలేదు.

తుకారాం మాత్రం బస్ అనలేదు.

ఎన్నడూ.

అదే అతని గొప్ప. తాలీంలో కొత్తగా చేరినవాళ్లకు మట్టి చూపించాక, ఆ మాటే చెప్పేవారు. "వీని ఎన్క నిలబడుడంటె నాకు సెలవే," అనేవాడు అతీఖ్. అందరూ నవ్వేవారు. తుకారాం మీసం దువ్వుకునేవాడు.

పోయిన వానకాలం.

రేకుల మీద వాన. చక్రాలు ఎప్పటివే. రాడ్ ఛాతీ మీంచి లేచింది… సగంలో ఆగింది. వణికింది.

అతీఖ్ చేతులు జానెడు దూరంలో ఉన్నాయి.

భుజం చెప్పింది. తుకారాం వినలేదు. భుజం మళ్లీ చెప్పింది. అతీఖ్ అతని నోటి వైపే చూస్తున్నాడు. ఒక్క మాట. ఒక్క మాట చాలు.

రాలేదు.

భుజంలో చెరుకుగడ విరిగినట్టు చప్పుడైంది. రాడ్ ఒక పక్కకు ఒరిగింది. అప్పుడు పట్టుకున్నాడు అతీఖ్. అప్పటికే ఆలస్యమైంది.

నిజామాబాద్ ఆసుపత్రికి తీసుకుపోయింది కూడా అతనే. ఆటోలో దారి పొడవునా, గుంత వచ్చిన ప్రతిసారీ, స్నేహితుడి మోచేతిని తన అరచేతిలో ఆపుకుంటూ కూర్చున్నాడు. ఆ రోజు నుంచి తాలీం గడప తొక్కలేదు.

"ఎత్తుడు బంద్ చెయ్యాల్నా?" అని డాక్టరమ్మను అడిగాడు తుకారాం.

"పూరాగ మానేస్తే భుజం బిగుసుకపోతది పెద్దాయనా. మొదలు రబ్బరు పట్టీ. తర్వాత ఖాళీ రాడ్. ఆ తర్వాత జరంత జరంత బరువు. నొప్పి పెరిగితే ఆపాలె. అంతే."

ఆపాలె. అంతే అట.

రబ్బరు పట్టీని కిరాణంలో బెల్లం డబ్బాల వెనక దాచాడు. గిరాకీ లేనప్పుడు తలుపు గడియకు కట్టి లాగేవాడు. ఎవరైనా వస్తే చప్పున దాచేసేవాడు. గానుగ చక్రాలు ఎత్తిన మనిషి, లంగా నాడా లాంటి దాన్ని లాగుతూ ఆయాసపడటం… ఎవరికి చెప్పుకోవాలి?

అన్నిటికన్నా కష్టం చొక్కా.

కుడి చెయ్యి సగం దాకా లేచి ఆగిపోయేది. ఖాళీ చొక్కా చెయ్యి గాలిలో వేలాడేది. పళ్లు బిగించి దాని వెంట పడేవాడు.

ఒక పొద్దున రుక్మాబాయి ఒళ్లోని బీడీల చాట దించింది. తన మోకాళ్లు తాను పట్టుకుని లేచింది. అడగలేదు. అతని మోచేతి కింద చెయ్యి పెట్టి లేపి, చొక్కా ఎక్కించింది.

"నేనడిగిన్నా?" అన్నాడు.

"అడుగుతవని సూస్తె పొద్దుగూకుతది." గుండీలు పెడుతోంది. "నొస్తున్నదని ఒక్క మాటనవు. పక్కనున్నోల్ల పానం తీస్తవ్. గా అతీఖన్న మొన్న బజార్ల కనవడ్డడు. నీ చెయ్యెట్లున్నదని అడగనీకె గూడ భయపడుతున్నడు. గాయిన తప్పేమున్నది?"

ఆ రోజంతా కిరాణంలో తుకారాం తలలో అదే మాట తిరిగింది. చక్కెర అడిగినావిడకు ఉప్పు కట్టి ఇచ్చాడు. ఆవిడ తిరిగొచ్చి తిట్టిపోయింది.

బరువంతా పడుకున్నవాడిదే అనుకున్నాడు ఇన్నాళ్లూ. నిలబడ్డవాడి చేతుల్లో ఏముంటుంది? ఏమీ ఉండదు. ఏమీ లేని చేతులు చాపి, ఎదుటివాడి నోటి వైపు చూస్తూ నిలబడాలి…

అమ్మో, అనుకున్నాడు తుకారాం.

అలా అనుకుంటూనే చలికాలం వచ్చింది. ఖాళీ రాడ్ దాకా వచ్చాడు. అదుగో, ఆ పొద్దున్నే ఇనుము చల్లగా కొరికింది. ఖాళీ రాడ్ లేచింది. దించాడు. మళ్లీ లేచింది. భుజం గొణిగింది కానీ అరవలేదు.

ఇక చక్రాలు ఎక్కించాలి. తల దగ్గర మనిషి లేకుండా చక్రాల కింద ఎవరూ పడుకోరు.

"నేను నిలబడాల్నా కాకా?" అని అడిగినవాళ్లు ఉన్నారు. తల అడ్డంగా ఊపాడు. ఆ జానెడు దూరానికి అతీఖ్ చేతులే కావాలి. వేరే చేతుల కింద అతనికి ఊపిరి ఆడదు.

అతీఖ్ రాకపోతే, ఇక ఖాళీ రాడే. ఆ తర్వాత కిరాణమే.

ఆ మధ్యాహ్నం శక్కర్‌నగర్ దారి పట్టాడు.

అతీఖ్ ఎవరి ఇంటిదో గేటు అతుకుతున్నాడు. నీలి మంట. అది ఆగేదాకా తుకారాం ముఖం తిప్పుకుని నిలబడ్డాడు.

"భుజమెట్లున్నది?" అతీఖ్ గేటు వైపు చూస్తూనే అడిగాడు.

"ఖాళీ రాడ్ లేస్తున్నది."

"మంచిది."

"చక్రాలు ఎక్కియ్యాల్నంటె ఎన్క మనిషి కావాలె."

అతీఖ్ గుడ్డపేలికతో చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"నా చేతులు ఆగుతలేవు యార్. నువ్వు అనకముందే పట్టేస్త. గప్పుడు నీకు కోపమొస్తది. పట్టకుంటె… గా సప్పుడు మల్ల ఇనుడు నాతోని గాదు."

తప్పు నాది — ఆ మాట తుకారాం గొంతు దాకా వచ్చింది. అక్కడే ఆగింది. సగంలో ఆగిన రాడ్‌లా వణికింది.

"పొద్దుగాల వస్తవా?" అన్నాడు, దాని బదులు.

అతీఖ్ ముఖానికి నల్ల అద్దం అడ్డం పెట్టుకున్నాడు. నీలి మంట మళ్లీ లేచింది.

మర్నాడు. అదే మంచు. చెరుకు తోటల మీంచి, కిటికీలోంచి, పసుపు మట్టి మీదికి.

గడప బయట ఒక జత చెప్పులు.

అతీఖ్ బల్ల వెనక నిలబడి ఉన్నాడు. మంకీ టోపీ, మెడకు రుమాలు. రాడ్‌కి చిన్న చక్రాలు ఎక్కించి ఉన్నాయి. సలాం లేదు, పలకరింపు లేదు. తుకారాం మట్టి తీసి నుదుటికి రాసుకున్నాడు. పడుకున్నాడు. చలికి సిద్ధపడి, అరచేతులు రాడ్‌కి ఆనించాడు.

వెచ్చగా ఉంది.

రెండు చోట్ల. సరిగ్గా తన అరచేతులు పడే రెండు చోట్ల.

పైకి చూశాడు. అతీఖ్ తన చేతులు ఒకదానితో ఒకటి రుద్దుకుంటున్నాడు, వాటి మీద ఊదుకుంటున్నాడు. తెల్లటి ఆవిరి.

అప్పుడు తెలిసింది. ఇన్ని చలికాలాలూ తనకన్నా ముందే వచ్చి, ఆ ఇనుమును పట్టుకుని నిలబడింది ఎవరో. అతను ఎన్నడూ చెప్పలేదు. తను ఎన్నడూ అడగలేదు.

తుకారాం కళ్లు చెమ్మగిల్లాయి. కంట్లో పడిందనుకోవడానికి తాలీంలో మట్టికేం కొదవ?

ఎత్తాడు.

దించాడు. ఎత్తాడు. తలపైన జానెడు దూరంలో రెండు చేతులు, సన్నగా వణుకుతూ, రాడ్‌తో పాటే లేస్తూ దిగుతూ.

భుజం చెప్పింది. మెల్లగా. ఇంకొక్కసారి ఎత్తే సత్తువ ఉంది. అది అతనికి తెలుసు. ఎత్తగలడు. మీసం ఎత్తమంటోంది.

"బస్," అన్నాడు తుకారాం.

చేతులు కదల్లేదు.

"ఏందీ?"

"బస్ అన్న. పట్టు యార్."

అప్పుడు వచ్చాయి చేతులు. రాడ్ తేలికైంది. కొక్కేల మీద ఇనుము ఆనింది.

అతీఖ్ గోడ వైపు తిరిగి టోపీ సర్దుకున్నాడు. చాలాసేపు సర్దుకున్నాడు. తిరిగినప్పుడు అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"జరుగు," అన్నాడు. "ఇగ నా బారీ. నేనెత్తుత."

"వానకాలం సంది నువ్వు ఎత్తనేలేదు గద. నీ మోకాళ్లెట్లున్నయ్?"

"మోకాళ్లు నమాజుకు కుర్సీ అడిగినయ్. పండుకోనీకె ఏమడగలే."

ఇద్దరూ నవ్వారు. చాలా రోజుల తర్వాత ఆ గోడలు ఆ నవ్వు విన్నాయి. అతీఖ్ పడుకున్నాడు. తుకారాం వెనక నిలబడ్డాడు. కుడి చెయ్యి పూర్తిగా చాపలేకపోయినా, చాపాడు. జానెడు దూరంలో.

రాడ్ లేచింది. దిగింది. లేచింది. దిగింది.

మళ్లీ లేచి — సగంలో ఆగింది.

వణుకుతోంది. అతీఖ్ మెడ నరాలు ఉబ్బాయి. తుకారాం అతని నోటి వైపు చూశాడు. అలసిపోగానే నవ్వుతూ బస్ అనే నోరు.

మూసి ఉంది.

"అను," అన్నాడు తుకారాం.

అతీఖ్ కళ్లు కింద నుంచి అతన్నే చూస్తున్నాయి. ఆట పట్టిస్తున్నాడా? బదులు తీర్చుకుంటున్నాడా? గొంతు పట్టేసిందా? ఆ కళ్లలో ఏదీ తెలియడం లేదు.

"అను అతీఖ్…"

ఒకవైపు రివాజు. ఒకవైపు ఆ చెరుకుగడ చప్పుడు. జానెడు దూరం కాస్తా బెత్తెడు అయింది.

కిటికీలోంచి మంచు వస్తూనే ఉంది.

రాడ్ పైకి పోలేదు. కిందికి రాలేదు. తుకారాం అరచేతులకు ఇనుము ఇంకా తగల్లేదు.

ఇద్దరి చేతులూ పట్టిన దాని వెచ్చదనం తగులుతోంది.