ఓక్బున్ రంగేసిన ఆపిల్ పళ్ళు

మధ్యాహ్నం మూడయ్యేసరికి నూడుల్స్ కొట్టు పక్క మెట్లు దడదడలాడేవి. బడి వదలగానే పిల్లలు పైనున్న మల్హీ టీచర్ పియానో బడికి పరిగెత్తేవాళ్ళు. ముందొచ్చినవాళ్ళకి కిటికీ పక్క గది. గదంటే గదేం కాదులెండి, చెక్కలు అడ్డంపెట్టిన గూళ్ళు. ఒక్కో గూట్లో ఒక పియానో, ఒక పిల్ల, ఒక నోటుపుస్తకం.

ఆ పుస్తకంలో పాఠానికి పది ఆపిల్ బొమ్మలుంటాయి. పాఠం ఒకసారి వాయిస్తే ఒక ఆపిల్‌కి ఎర్రరంగు వెయ్యాలి. బుసాన్ ఊరంతా ఇదే పద్ధతి. దొంగవెధవలు రెండుసార్లు వాయించి పదీ నింపెయ్యడం కూడా ఊరంతా ఉన్నదే. కాకపోతే మా యోంగ్దో దీవిలో, మల్హీ టీచర్ దగ్గర, నిజంగా వాయించి రంగేసిన ఆపిల్ పండి ఘుమఘుమలాడేది. వాయించకుండా వేసింది మర్నాటికి కుళ్ళి కంపు కొట్టేది. తల్లులు సంచీ తెరిచి, "ఛీ, మళ్ళీ ఎగ్గొట్టావా? అన్నం డబ్బా పక్కన పెట్టకు దాన్ని!" అని కసిరి ఊరుకునేవాళ్ళు.

మల్హీ టీచర్ ఎవర్నీ కొట్టేది కాదు. వేళ్ళమీద స్కేలుతో కొట్టని పియానో టీచర్ ఆ రోజుల్లో ఇంకొకరుంటే చూపించండి! తప్పు పోతే మాత్రం ఊరుకునేది కాదు.

"ఏంటా గొణుగుడు? తప్పు వాయిస్తే గట్టిగా వాయించు. నువ్వే దాచేస్తే ఆ తప్పు ఎక్కడుందో నీకెలా తెలుస్తుంది?"

ఆవిడ ఏ కాలేజీలోనూ చదవలేదు. పదిహేనో ఏట నుంచి ముప్పయ్యో ఏట దాకా, ఓడల మరమ్మతు రేవులో, ఓడ పక్కన తాళ్ళతో వేలాడే పలక మీద కూర్చుని, సుత్తితో తుప్పు రాలగొట్టింది. ఆదివారాలు చర్చి తుడిచే పని ఒప్పుకుని, తుడవడం అయ్యాక అక్కడి పియానో మీద తనంతట తను నేర్చుకుంది. రేవులో సుత్తుల మోతకి ఎడమ చెవి పోయింది. ఎవరైనా జాలిపడితే ఆవిడకి ఒళ్ళు మండేది.

"ఆ సుత్తే నాకు తాళం నేర్పింది. పక్కమనిషి దెబ్బతో నీ దెబ్బ కలవకపోతే పలక ఊగుతుంది, ఊగితే సముద్రంలో పడతావ్. ఏ కాలేజీలో చెప్తారమ్మా ఈ పాఠం?"

అప్పట్లో ఆ పక్కమనిషి ఓక్బున్. ఓక్బున్ ఇప్పటికీ తుప్పు కొడుతూనే ఉంది. ఆమెకి రెండు చెవులూ పోయాయి. ఎదురుగా నిలబడి అరిస్తే సగం తెలుస్తుంది. ఆమె కూతురు హేవన్‌కి పన్నెండేళ్ళు. కూతురు వాయిస్తుంటే ఓక్బున్ పియానో పక్కచెక్కకి అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడేది. ఆవిడ వినడమంటే అదే.

హేవన్‌కి వంతెన అవతలి సంగీతం బడిలో చేరాలని ప్రాణం కొట్టుకుపోయేది. చేరాలంటే పరీక్ష. మొహం చూసి మార్కులెయ్యకుండా మధ్యలో తెర కడతారు. అవతల ముగ్గురు కూర్చుంటారు. నచ్చకపోతే గంట కొడతారు, అక్కడితో లేచి రావాలి. ఆ గంట ఉండేది మేంగ్ ప్రొఫెసర్ చేతిలో. వంతెన అవతల ఆయనకి ఒక పెద్ద పియానో బడి. ఆయన బడి పిల్లలు వాయిస్తుంటే ఆ గంట మోగినట్టు ఎవరూ వినలేదు.

చర్చి కార్యక్రమంలో హేవన్ వాయించింది విని, ఆయన మల్హీ టీచర్ దగ్గరకొచ్చాడు.

"పిల్లలో ప్రతిభ ఉంది టీచర్‌గారూ. చెయ్యి మాత్రం సుత్తి చెయ్యి. పోనీండి, దరఖాస్తులో గురువు పేరు దగ్గర నా పేరు రాయించండి. మిగతాది నేను చూసుకుంటాను."

"ఎనిమిదేళ్ళు నేర్పింది నేను. పేరు మీదా?"

"పిల్ల భవిష్యత్తు ముఖ్యమా, మీ పేరు ముఖ్యమా?"

ఆయన వెళ్ళాక టీచర్ దరఖాస్తు హేవన్ ముందు పెట్టింది. "నీ బతుకు నీది. ఎవరి పేరు రాసినా నేనేమీ అనుకోను." హేవన్ కలం తీసి, అచ్చంగా 'యున్ మల్హీ' అని రాసింది. కింద 'గురువు చదివిన కళాశాల' అన్న గడి ఖాళీగా ఉంది. టీచర్ కలం లాక్కుని 'ఓడల మరమ్మతు రేవు, రెండో వరస' అని నింపింది. అది చదివి ఓక్బున్ పొట్ట పట్టుకుని నవ్వింది.

పరీక్ష పాటకి టీచర్ పది వరసల ఆపిళ్ళు పెట్టింది, మొత్తం వంద. తొంభై ఏడు పండాక హేవన్‌కి జ్వరమొచ్చి మూడ్రోజులు మంచం దిగలేదు. నాలుగో రోజు పరీక్ష. ఆ పొద్దున తల్లితో, టీచర్‌తో కలిసి వెళ్తూ బస్సులో పుస్తకం తెరిచి పిల్ల కెవ్వుమంది. వందా ఎర్రగా ఉన్నాయి.

"అమ్మా! ఎవరేశారీ మూడూ?"

"ఆఁ? నేనే వేశా. ఖాళీగా ఉంటే బాగుంటుందా? వేసెయ్యాలి కదా!"

"కొంప ముంచావమ్మా! పరీక్ష గదిలో కంపు కొడితే వాళ్ళేమనుకుంటారు?" అని పిల్ల ఏడుపు లంకించుకుంది. పేజీ చింపబోతే మల్హీ టీచర్ చెయ్యి పట్టుకుంది.

"చింపడానికి వీల్లేదు. మీ అమ్మ చేత్తో వేసింది. పక్కనే పెట్టుకుని వాయించు. కంపు కొడితే ముక్కు మూసుకోమను వాళ్ళని."

సంగీతం బడి ముందు ఓక్బున్ జిగురు మిఠాయి ముద్ద తీసి, పిల్ల ఆ బడికి అలాగే అతుక్కుపోవాలని గేటుకి అంటించింది. నలభై ఒకటో నంబరు పిలిచారు. హేవన్ లోపలికెళ్ళి, పుస్తకం తెరిచి పియానో మీద పెట్టుకుని మొదలుపెట్టింది. పాట రెండో వరసలోనే ఒక స్వరం తప్పింది. టీచర్ చెప్పినట్టే తప్పునీ గట్టిగా కొట్టి ముందుకెళ్ళింది.

తెర అవతల మేంగ్ ఆ సుత్తి చేతిని గుర్తుపట్టాడు. గంట ఎత్తాడు. సరిగ్గా అప్పుడే తెర కింద నుంచి ఆపిల్ వాసన వచ్చింది. అలాంటిలాంటి వాసన కాదు, తోట మొత్తం ఒక్కసారి కోతకొచ్చినట్టు గది నిండిపోయింది. పక్కనున్న పెద్దావిడ, మా యోంగ్దోలో పుట్టి పెరిగిన మనిషి, ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఆ గంట కింద పెట్టండి."

"ఆ తప్పు వినలేదా మీరు?"

"విన్నాను. వాసన మీకు రావట్లేదా? ఇంత నిజంగా వాయించిన పిల్లని నేను చివరిదాకా వింటాను. మీకు తొందరుంటే బయటికెళ్ళండి."

ఆ రోజు పాట పూర్తిగా వాయించింది మేంగ్ బడి పిల్లలు కాక నలభై ఒకటో నంబరొక్కతే. వారం తర్వాత గోడమీద అంటించిన కాగితంలో ఆ నంబరు ఉంది. కానీ అసలు సంగతి ఆ రోజే గేటు దగ్గర జరిగింది.

హేవన్ పరిగెత్తుకొచ్చి పుస్తకం తెరిచి చూపించింది. తొంభై ఏడు ఆపిళ్ళూ అప్పటికి కాస్త వాడాయి. చివరి మూడూ నిగనిగలాడుతున్నాయి. అంత వాసనా వాటిదే.

"టీచర్, ఇవి నేను వాయించలేదు. ఒట్టు!"

టీచర్ కాసేపు ఆ మూడింటినీ చూసింది. తర్వాత ఓక్బున్ భుజం మీద రెండువేళ్ళతో పరీక్ష పాట తాళం తట్టింది. ఓక్బున్ మొహం వెలిగిపోయింది.

"ఓ, ఇదా అక్కా? పిల్ల మూడ్రోజులు మంచాన పడిందిగా, పాట ఆగిపోకూడదని ఓడ మీద నేనే కొట్టా. మొదట్నుంచి చివరిదాకా, రోజుకోసారి. మేస్త్రీ తిట్టాడు, అలా కొడితే తుప్పు రాలదని. రాలకపోతే పోనీ అన్నా!"

హేవన్ తల్లి కుడిచెయ్యి అందుకుంది. అరచేతిలో సుత్తి కాయల మధ్య మూడు కొత్త బొబ్బలున్నాయి. వాటిని తన చెంపకి ఆనించుకుని, పిల్ల బావురుమని ఏడ్చింది.

"ఆఁ? ఏమంటోంది?" అని ఓక్బున్ అడిగింది.

"బాగా వాయించావంటోంది," అని మల్హీ టీచర్ ఆమె మొహంలోకి చూసి గట్టిగా అరిచి చెప్పింది.