అలిగిన బాన

కాలేజీ రసాయనశాలలో బల్లలన్నీ గోడవారకు జరిపి, నీలిమందు పులియబెట్టిన అద్దకపు బానకు చోటిచ్చారు. ఈ రోజు నమూనా పాఠం గట్టెక్కితే వచ్చే ఏడాది నుంచి అద్దకం డిగ్రీలో ఒక సబ్జెక్టవుతుంది, జీవితమంతా బట్టలకు రంగులద్దిన అమ్మ పంతులమ్మ అవుతుంది. అక్కడే రసాయనశాస్త్ర శాఖలో లెక్చరరైన కూతురు దీనికోసం ఎక్కని గడప లేదు, దిగని గడప లేదు.

సిలబస్‌లో ఒక్క మాట దగ్గరే పేచీ వచ్చింది. బాన చెడి రంగు పట్టకపోతే అమ్మ "అలిగింది" అంటుంది. తియ్యటి వాసన పోయి కంపు కొడితే అలిగినట్టే. అలిగిన బానలో గుడ్డ ముంచకూడదు. తవుడు వేసి, దుప్పటి కప్పి, దాని మానాన దాన్ని వదిలేయాలి.

"అలక గురించి పరీక్షలో ఎలా అడుగుతామమ్మా?" అని శాఖాధిపతి నవ్వాడు. మంచివాడే, ఈ పాఠం కావాలని పట్టుబట్టింది కూడా ఆయనే.

"ఇంట్లో రోజూ రాసే పరీక్షే కదా బాబూ!" అంది అమ్మ.

ఆయనకు ఏం గుర్తొచ్చిందో ఏమో, ఆ మాట జోలికి మళ్లీ పోలేదు.

ఇప్పుడు పాఠం చూడ్డానికి వచ్చిన కమిటీవాళ్లందరి ముందూ అమ్మ మూత తీసి, వంగి వాసన చూసి, తలెత్తింది.

"బాగుంది. గుడ్డ ఇవ్వండి."

కూతురు గుడ్డ పట్టుకుని అక్కడే ఆగింది. నిన్న వ్యానులో కుదుపులు తిని వచ్చిన బాన అది. దాని కంపు ఆమె నిలబడ్డ చోటికే కొడుతోంది. అలిగిందని ఆమెకే తెలుస్తుంటే అమ్మకు తెలియకపోవడమేమిటి?

అప్పుడు గుర్తొచ్చింది. మొన్న అమ్మకు జ్వరం తగ్గాక, పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే అమ్మ పక్కనే తాపీగా కూర్చుంది. పరధ్యానం అనుకుని తను విసుక్కుంది. పరధ్యానం కాదు, అమ్మకు వాసన తెలియడం లేదు. పాఠం పోతుందని ఆ సంగతి కడుపులోనే దాచుకుంది పిచ్చితల్లి. కూతురికి ఏడుపొచ్చింది.

గుడ్డ అందిస్తున్నట్టు వెళ్లి పక్కన కూర్చుంది.

"అమ్మా, అలిగింది," అంది చెవిలో.

అమ్మ గుడ్డ అందుకుని కూతురి వైపు తిరిగింది.

"నీకెలా తెలుసే? చదువుకో పొమ్మని నిన్ను బాన దగ్గరికే రానివ్వలేదుగా?"

"నన్ను రానివ్వలేదు సరే, వాసన ఇంట్లోకి రాకుండా ఆగుతుందా?"

అమ్మ గుడ్డ పక్కన పెట్టి కమిటీవైపు తిరిగింది.

"నాకు ముక్కు పనిచెయ్యట్లేదు బాబూ. బాగుందని అబద్ధం చెప్పాను. అలిగిందని మా అమ్మాయి కనిపెట్టింది."

శాఖాధిపతి కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"అయితే అలక పాఠమే చెప్పండమ్మా. వింటాం."

అమ్మ కళ్లు మూసుకుంది.

"ఎలా ఉందే వాసన? చెప్పు."

కూతురు బాన మీదికి వంగింది. వాసనను మాటల్లో పెట్టమని ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు.

"తడిబట్టలు మూటకట్టి మర్చిపోయినట్టుంది. అడుగున కొంచెం పులుపు."

"తీపి?"

"ఉంది. పోతోంది."

ఊరు విడిచి వెళ్లిపోయిన మనిషి కబుర్లు విన్నట్టు అమ్మ ఆ మాటలు వింది. చెంపలు తుడుచుకుని తవుడు గిన్నె కూతురి ఒళ్లో పెట్టింది.

"పెద్ద అలకే. నువ్వే వెయ్యి."