గోడలో పదకొండు ఉత్తరాలు

పక్కింటావిడ క్రిస్తల్లోకి ఆ సంగతి కోడలు చెప్పిందట. కోడలికి రొట్టెల బండివాడు చెప్పాడట. బండివాడు తన కళ్ళతో చూడలేదు గానీ, చూసిన తాపీమేస్త్రీతో కలిసి సిగరెట్టు కాల్చాడట. కాబట్టి నమ్మాల్సిందేనంది క్రిస్తల్లో, కంచె మీదికి సగం ఒరిగిపోయి.

"కోస్మాస్ ప్రెసిడెంటు మనవడు లేడూ వదినా, యానినా పట్నంలో కాంట్రాక్టులు చేస్తాడు, అరిస్తీదిస్? తాత ఇంటిని లాడ్జి చేస్తున్నాడు కదా. పొయ్యి పక్క గోడ పగలగొడితే లోపల ఇంకో అల్మారా బయటపడిందట. రాళ్ళు పేర్చి సున్నం కొట్టేశారట! అందులో రేకు పెట్టె. బంగారు కాసులనుకుని మేస్త్రీని బయటికి తోలేసి తలుపేసుకున్నాడట పిల్లాడు. మేస్త్రీ కిటికీలోంచి చూశాడనుకో."

"ఊఁ" అంది జోయిత్సా.

"కాసులూ లేవు, గీసులూ లేవు. కట్టలు కట్టిన ఉత్తరాలు! అంతర్యుద్ధం నాటివి. ఏం చేసుకుంటాడు? ఫోతిస్ మాస్టారికిచ్చేశాడట. ఆయన ఊరూరా తిరిగి సిపాయిల ఉత్తరాలు పోగేస్తున్నాడు కదా, ఆదివారం మన పాత బళ్ళో ప్రదర్శన పెడుతున్నాడట. యానినా నుంచి ఎవరో పెద్దాయన రిబ్బను కత్తిరించడానికొస్తాడట." ఇంతవరకూ ఊరంతా వినేలా చెప్పిన క్రిస్తల్లో ఇక్కడ గొంతు తగ్గించింది. "వదినా, వాటిల్లో కొన్నిటి మీద మీ నాన్న పేరుందట."

జోయిత్సా అడవి కూర ఏరుతోంది. ఏరిన ఆకూ, ఏరని ఆకూ ఒకే గిన్నెలో వేసుకుంటూ పోయింది. క్రిస్తల్లో అది చూసి, కంచె మీంచి లేచి లోపలికి వెళ్ళిపోయింది.

జోయిత్సాకి అరవై మూడేళ్ళు. అన్న లాంబ్రోస్‌ను సర్కారు సైన్యంలోకి తీసుకుపోయేనాటికి పదమూడు. నలభై ఏడులో, ద్రాక్షకోతలు ముగిసిన వారంలో తీసుకుపోయారు.

ఆ రోజుల్లో వారానికోసారి తపాలా మనిషి కంచరగాడిద మీద వచ్చి, ఊరి మొదట బూర ఊదేవాడు. సంచీ మాత్రం ప్రెసిడెంటుకి అప్పగించాలి. ఎవరికి ఎక్కడినుంచి ఉత్తరం వస్తోందో సర్కారుకి తెలియాలన్నారు. ఆయన సంచీని ఇంటికి తీసుకెళ్ళి, మర్నాడు పొద్దున కాఫీకొట్టు అరుగు మీద నిలబడి ఒక్కో పేరూ పిలిచేవాడు. ఆడవాళ్ళు కొట్టులోకి పోకూడదు. అమ్మ మెట్ల కింద నిలబడేది. లాంబ్రోస్ నుంచి మొదట్లో రెండు ఉత్తరాలొచ్చాయి. ఆ తర్వాత తోదోరిస్ గోగాస్ అనే నాన్న పేరు ఆ అరుగు మీంచి మళ్ళీ వినిపించలేదు. సంచీ ఖాళీ అయ్యాక కూడా అమ్మ కదిలేది కాదు. "ఇంక లేవమ్మా" అని ప్రెసిడెంటు సంచీని తిరగేసి దులిపి చూపించేవాడు.

మరుసటి ఎండాకాలం చివర ఆయనే నలుగురిలో చెప్పాడు: "మీవాడు అవతలికి దూకాడు తోదోరిస్. కొండల్లో సర్కారు మీద తిరగబడ్డ ఆ దొంగముఠాతో ఉన్నాడు."

అంతే, అది దొంగముఠా ఇల్లయింది. సాయం కింద ఊరికొచ్చిన కంచరగాడిదల్లో ఆ ఇంటికి ఒక్కటీ ఇవ్వలేదు. కొడుకు విషయం అడగడానికి నాన్న ఠాణాకి పోతే మూడు రోజులు కూర్చోబెట్టి పంపారు. తిరిగొచ్చినవాడు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ప్రెసిడెంటు తన పిండిమరకి కాలవ వేసుకోడానికి ఏనాటినుంచో దారడుగుతున్నాడు, నాన్న ఇవ్వనంటున్నాడు. ఏడాది తిరిగేసరికి ఆ కాలవ వీళ్ళ చేని నడుమనుంచే పోయింది. నర్సు చదువుకి పోదామనుకున్న జోయిత్సాకి, ఈ ఇంటివాళ్ళు దేశభక్తులేనని ప్రెసిడెంటు సంతకంతో కాగితం కావాలన్నారు. ఆ కాగితం రాలేదు. ఆమె మేకలు కాసింది.

యుద్ధంలో ఓడిపోయిన ఆ కొండల్లోవాళ్ళు సరిహద్దు దాటి తాష్కెంటు దాకా పోయారని విన్నాక, అమ్మకి ప్రాణం లేచొచ్చింది. కొడుకు అక్కడే ఉన్నాడనుకుంది. అక్కడ చలి ఎక్కువని ఏటేటా ఒక జత ఉన్ని మేజోళ్ళు అల్లింది. డెబ్భై తొమ్మిదిలో పోయేదాకా అల్లింది. ఆ తర్వాత తాష్కెంటు నుంచి ముసలివాళ్ళు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. జోయిత్సా బస్సులు మారి మారి వాళ్ళందరి ఇళ్ళకీ పోయి, మా లాంబ్రోస్‌ని చూశారా అని అడిగింది. ఎవరూ చూడలేదు.

గిన్నె అక్కడే వదిలేసి బడికి నడిచింది జోయిత్సా.

పిల్లల్లేక బడి మూతపడి పదేళ్ళయింది. బల్లల స్థానంలో ఇప్పుడు అద్దాల పెట్టెలున్నాయి. ఫోతిస్ మాస్టారు చేతులకి తెల్ల నూలు తొడుగులు వేసుకుని ఏదో సర్దుతున్నాడు. పింఛను పుచ్చుకున్నాక ఎనిమిదేళ్ళుగా ఆయనది ఇదే పని. పాత పెట్టెల అడుగునుంచీ, దేవుడి పటాల వెనకనుంచీ, పరుపుల కిందనుంచీ సిపాయిలూ ఆఫీసర్లూ రాసిన ఉత్తరాలు అడిగి తెచ్చుకుంటాడు. ఇచ్చినవాళ్ళ పేరు అట్టముక్క మీద రాసి పక్కన పెడతాడు. ఏ పక్షమో రాయడు. దానికి ఊళ్ళో మంచి పేరే ఉంది.

"రా జోయిత్సా. నేనే మీ ఇంటికి వద్దామనుకుంటున్నా."

"ఎప్పటినుంచి అనుకుంటున్నావు మాస్టారూ?"

ఆయన తొడుగు వేళ్ళు సరిచేసుకున్నాడు. "పెట్టె నా దగ్గరికొచ్చి... మూడు వారాలు."

"మా ఇల్లు అంత దూరమా?"

ఆయన కిటికీ దగ్గరి అద్దాల పెట్టె చూపించాడు. పదకొండు కవర్లు. సైన్యం ముద్ర. అన్నిటి మీదా లాంబ్రోస్ రాతే. ప్రతి మాట చివరా అక్షరాన్ని తోకలా లాగడం వాడి అలవాటు, దానికి చిన్నప్పుడు దెబ్బలు కూడా తిన్నాడు. జోయిత్సా అద్దం మీద రెండు చేతులూ ఆనించింది. పక్కన అట్టముక్క మీద అందంగా రాసుంది: 'మాజీ ప్రెసిడెంటు కోస్మాస్ బార్జోకాస్ కుటుంబం కానుక.'

"ఒక్కటి కూడా విప్పలేదు, చూశావా?" మాస్టారి గొంతులో సంతోషం దాగలేదు. "యాభై ఏళ్ళు! ఇలాంటివి దేశం మొత్తం మీద ఎన్ని ఉంటాయి? అలాగే ఉంచమని యానినా మ్యూజియం నుంచి వచ్చిన ఆవిడ మరీ మరీ చెప్పింది."

"ఉత్తరం రాసేది విప్పడానికి కాదా?"

"విప్పిస్తాం, మెల్లగా, పద్ధతిగా. ఈలోగా నీకు జిరాక్సులు ఇస్తాను."

"మూసిన ఉత్తరానికి జిరాక్సేమిటి?"

"పై కవరుకి..."

"మా అన్న కవర్లకి జిరాక్సు తీసి నాకిస్తావా? ఇదేమైనా రేషన్ కార్డా?" జోయిత్సా గొంతు పెద్దది కాలేదు, మరింత చిన్నదయింది. "తలుపు తియ్యి. ఇవి మా నాన్నకొచ్చినవి."

"నా చేతిలో లేదు జోయిత్సా. అరిస్తీదిస్ సంతకం పెట్టి, ఈ ప్రదర్శన పెడుతున్న మా సంఘానికిచ్చాడు. చట్టం ప్రకారం సంఘానివి."

"దొంగ సొత్తు మీద దొంగ మనవడు సంతకం పెడితే అది కానుకయిందా?"

మాస్టారు నుదురు తుడుచుకున్నాడు. రేకు పెట్టెలో దొరికిన మిగతావన్నీ పక్క అద్దాల పెట్టెలో ఉన్నాయి. అవి ఆఫీసర్లు ప్రెసిడెంటుకి రాసినవే; గాడిదలు పంపినందుకూ, రొట్టెలు కాల్పించినందుకూ ధన్యవాదాలు. వాటికీ ఓ అట్టముక్క ఉంది: 'సైన్యాధికారుల ఉత్తరాలు, ముప్ఫై రెండు.' జోయిత్సా మేకలు కాసిన మనిషి. మందలో ఒకటి తగ్గితే కంటికి తెలిసిపోతుంది.

"ఇక్కడ ముప్ఫై ఒకటే ఉన్నాయి. ఇంకోటి ఏది?"

ఆయన సొరుగు లాగి, విప్పివున్న ఒక కాగితం తీసి ఆమె చేతికిచ్చి, తను కిటికీ వైపు తిరిగాడు.

జోయిత్సా ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది.

'గౌరవనీయులైన ప్రెసిడెంటు గారికి. మా దళం సిపాయి లాంబ్రోస్ గోగాస్ ఆగస్టు ఆరున గ్రామోస్ కొండ మీద మరణించాడు. కింద ఉన్న చిన్న చర్చి తూర్పు గోడ పక్కన పాతిపెట్టాం. ఇంటినుంచి జవాబు రావడం లేదని అతను బెంగపడుతుంటే నేను మీకు రాయడం, ఏప్రిల్లో మీరు జవాబివ్వడం జరిగింది. తల్లిదండ్రులు శత్రువుల పక్షాన ఉన్నారనీ, సర్కారు సైన్యంలో ఉన్న కొడుకు ఉత్తరాలు తమకక్కర్లేదని తిప్పికొడుతున్నారనీ మీరు రాసింది అతనికి చదివి వినిపించాను. అయినా రాయడం మానలేదు. విప్పకపోతే పోనీండి లెఫ్టినెంటు గారూ, కవరు మీద నా చేతిరాత గుర్తుపడతారు కదా, బతికున్నానని తెలుస్తుంది కదా అనేవాడు. వాళ్ళు ఎలాంటివాళ్ళయినా అతను వాళ్ళ కొడుకు. ఈ కబురు మీరే స్వయంగా చెప్పమని వేడుకుంటున్నాను.'

రెండోసారి చదవలేదు. కాగితాన్ని ఎలా ఉన్న మడతల్లో అలాగే మడిచింది.

"నువ్విది చదివావు."

"చదివాను."

"చదివి సొరుగులో పెట్టావు."

"ఊరు ఇప్పుడిప్పుడే కుదుటపడింది జోయిత్సా. రెండు పక్షాలవాళ్ళూ ఒకే బల్ల దగ్గర పేకాడుకుంటున్నారు. ఎవరు ఏ పక్షమో రాసుకున్న పోలీసు ఫైళ్ళన్నీ సర్కారే తగలబెట్టింది. ఇప్పుడు ఇది నలుగురిలో పెడితే పుండు మళ్ళీ రేగుతుంది."

"ఎవడి పుండు మాస్టారూ? నీకుందా? మాకే కదా ఉంది? రేగితే మాకు రేగుతుంది. నీకెందుకు నొప్పి?" కాగితాన్ని బల్ల మీద పెట్టింది. "ఆదివారం నువ్వే దీన్ని చదువు. పిల్లలకి పాఠం చెప్పినట్టు, వెనక బెంచీకి వినబడేటట్టు. చదవలేదో, నేను రాయి తెచ్చుకుంటాను."

ఆదివారం పూజ కాగానే జనమంతా బడికొచ్చారు. యానినా పెద్దాయన రిబ్బను కత్తిరించాడు. ఆడవాళ్ళు పళ్ళేల్లో మిఠాయీ, చిన్న గ్లాసుల్లో ద్రాక్షసారాయీ పంచారు. అరిస్తీదిస్ కొత్త బూట్లేసుకుని నాలుగు ముక్కలు మాట్లాడాడు. "మా తాతగారు ఊరికి సంబంధించిన ప్రతి కాగితాన్నీ కంటికి రెప్పలా కాపాడారు" అన్నాడు. చప్పట్లు కొట్టారు.

జోయిత్సా కిటికీ దగ్గరి పెట్టె ముందు నిలబడింది. నల్లటి ఏప్రన్ కింద ఏదో గుండ్రంగా ఎత్తుగా కనబడుతోంది.

"వదినా, అదేమిటే?" అంది క్రిస్తల్లో చెవిలో.

"రాయి."

"అయ్యో తల్లీ! తమాషాకా?"

"ఏటినుంచి మోసుకొచ్చాను. తమాషాకి ఎవరు మోస్తారు?"

క్రిస్తల్లో ఒక అడుగు పక్కకి జరిగింది. మళ్ళీ ఏమనుకుందో ఏమో, జరిగినదల్లా వెనక్కొచ్చి ఆమె భుజానికి భుజం ఆనించి నిలబడింది.

ఫోతిస్ మాస్టారు గొంతు సవరించుకుని తన ఉపన్యాసం మొదలుపెట్టాడు. సయోధ్య గురించి రెండు వాక్యాలు చదివాడు. మూడో వాక్యం దగ్గర తలెత్తి జోయిత్సాను చూశాడు. ఏప్రన్ వైపు కాదు, ముఖం వైపు. చేతిలోని కాగితాలు పక్కన పెట్టి, కోటు జేబులోంచి మడతపెట్టిన ఇంకో కాగితం తీశాడు.

చదివాడు. వెనక బెంచీకి వినబడేటట్టే చదివాడు. 'కవరు మీద నా చేతిరాత గుర్తుపడతారు కదా' అన్నచోట ఆగిపోయి, మళ్ళీ మొదటినుంచి ఆ వాక్యం అందుకున్నాడు. మిఠాయి నోట్లో పెట్టుకున్నవాళ్ళు నమలడం మానేశారు. యానినా పెద్దాయన గడియారం చూసుకున్నాడు.

మాస్టారు చేతి తొడుగులు ఊడదీసి పారేశాడు. తాళం తీశాడు. పదకొండు ఉత్తరాలూ ఒట్టి చేతుల్తోనే పోగుచేసి జోయిత్సా ముందు పట్టుకున్నాడు. "సంఘం ఏమన్నా అననీ, నేను పడతాను" అన్నాడు.

జోయిత్సా రాయిని ఖాళీ పెట్టె మీద దించి ఉత్తరాలు అందుకుంది. థాంక్సు చెప్పలేదు. తన సొత్తు తను తీసుకున్నట్టు తీసుకుంది.

"పెద్దమ్మా," అన్నాడు అరిస్తీదిస్. ముఖం కందిపోయింది. "నాకు తెలీదు పెద్దమ్మా. చర్చి సాక్షిగా నాకు తెలీదు."

"నమ్ముతున్నాను బాబూ. నీకెలా తెలుస్తుంది?"

అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. కాంట్రాక్టరు కదా, పగుళ్ళు కనబడితే పూయకుండా ఉండలేడు.

"ఒక్కటి మాత్రం ఆలోచించు పెద్దమ్మా. తాతయ్య తల్చుకుంటే వీటిని కాల్చేసేవాడే, పక్కనే పొయ్యి కూడా ఉంది. కాల్చలేదు. దాచాడు. ఎంత కాదన్నా ఆయన దాచబట్టే ఇవాళ నీ చేతిలో ఉన్నాయి. లోపల ఏదో బాధ ఉండే ఉంటుంది. మీ అమ్మగారంటే జాలి ఉండే ఉంటుంది."

అవునవునన్నట్టు నాలుగైదు తలలు ఊగాయి. ఊరికి ఊపిరాడింది. పూజారి ముందుకొచ్చి గడ్డం నిమురుకున్నాడు. "పిల్లాడు నిజం చెప్పాడు తల్లీ. పోయినవాళ్ళ మీద పగ ఎందుకు? ఆ కోస్మాస్ ఆత్మకి కూడా ఒక కొవ్వొత్తి వెలిగించు. నీ మనసూ తేలికపడుతుంది."

జోయిత్సా ఉత్తరాలను గుండెకి ఆనించుకుని ఆయన్నీ, అరిస్తీదిస్‌నీ మార్చి మార్చి చూసింది.

"మా అమ్మని పాతిపెట్టొచ్చాక మీ తాత మా ఇంట్లో కూర్చుని చావుకాఫీ తాగాడు. 'కొడుకు కబురు తెలీకుండానే పోయింది, పాపం' అన్నాడు. కాఫీ బాగుంది, ఇంకో కప్పు పొయ్యమన్నాడు. పోశాను."