తడబడితే మోగేదాన్ని

నేను ఒక ఇత్తడి బల్లగంటను. నెత్తిన బొడిపె నొక్కితే టింగుమంటాను. నన్ను చేసిన మేస్త్రి నా గొంతు విని, "దీని నోరు వీధి చివరిదాకా వినపడుద్ది!" అని మురిసిపోయాడు. మొదట రాజమండ్రిలో ఒక లాడ్జి కౌంటరు మీద ఉన్నాను. అక్కడ నన్ను నొక్కితే మనిషి పరిగెత్తుకొచ్చేవాడు. లాడ్జి మూతపడ్డాక పాతసామాన్ల కొట్టు మీదుగా విజయవాడలో జర్మన్ నేర్పే సంస్థకు చేరాను. ఇక్కడ నన్ను నొక్కితే మనిషి నోరు మూసుకోవాలట. ఇదేం విడ్డూరమో అనుకున్నాను.

ఇక్కడ చదివేది నర్సులు. జర్మనీ ఆస్పత్రిలో ఉద్యోగం కావాలంటే ఈ సంస్థ పెట్టే మౌఖిక పరీక్ష నెగ్గాలి. 'మరచిపోలేని రోగి' గురించి జర్మన్‌లో ప్రసంగించాలి. మార్కులు వేసేది హైమావతి మేడమ్. మధ్యలో ఎవరైనా నీళ్ళు నమిలితే ఆవిడ నన్ను నొక్కుతుంది, అంతటితో సరి. చివర్లో ప్రశ్నలడగాలని నియమం ఉందిగానీ, వేళ చాలదని ఆవిడ ఎప్పుడూ అడగదు.

నా మొదటి పరీక్ష రోజు మొదటి అమ్మాయి ఒక గుండెజబ్బు తాతగారి కథ చెప్పింది. పోయేముందు ఆమె చెయ్యి పట్టుకుని "నువ్వే నా కూతురివి" అన్నాడట. అన్నాళ్ళూ తరగతి బీరువా మీద కూర్చుని విన్న జర్మన్ నాకూ కాస్త వంటబట్టింది. అయ్యో పాపం తాత, అనుకున్నాను. రెండో అమ్మాయి లేచింది. అదే తాత, అదే చెయ్యి, అదే మాట! మూడో అమ్మాయికీ ఆయనే పోయాడు. నేను నిర్ఘాంతపోయాను. ఊళ్ళో ఒక కోచింగు మాస్టారు రాసిచ్చిన ప్రసంగమట అది. అంతకన్నా వింత, ఆ సంగతి మేడమ్‌కీ తెలుసు. గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పారని అందరికీ మంచి మార్కులే వేసింది.

అప్పుడు రేపల్లె నుంచి వచ్చిన కెజియా లేచింది. ఇదివరకే తప్పింది. ఈసారీ తప్పితే ఉద్యోగం ఇంకొకరికి ఇస్తామని అక్కడి ఆస్పత్రివాళ్ళు చెప్పేశారు. ఆమె కథలో తాత లేడు. ఒళ్ళు కాలిన ఒక చిన్నపిల్ల ఉంది. కట్టు మార్చడానికి ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదట, చివరికి కెజియాను ఒక్కదాన్నే రానిచ్చిందట. కట్టు విప్పడం అనే మాట దగ్గర కెజియా ఆగిపోయింది. చేతులు గాల్లో తిప్పి చూపించింది. మేడమ్ నన్ను నొక్కింది. మోగక చస్తానా!

"ఇక వెళ్ళమ్మా."

కెజియా కదల్లేదు. "ఒక్క ప్రశ్న అడగండి మేడమ్. ఆస్పత్రిలో రోగులు మన ప్రసంగం వింటారా? ఏదోటి అడుగుతానే ఉంటారు గదా. ఆగి ఆగైనా చెప్తాను."

మేడమ్ విసుగ్గా ఏదో జర్మన్‌లో మొదలెట్టింది. "ఆ పిల్ల..." అని ఆగింది. మళ్ళీ మొదలెట్టి మళ్ళీ ఆగింది. ఏళ్ళ తరబడి అప్పజెప్పిన పాఠాలు వినడమే తప్ప, తెలియని సంగతి ఒకటి అడగవలసిన అవసరమే ఆవిడకు రాలేదు. నేనైతే కొయ్యబారిపోయాను. నీళ్ళు నమిలితే గంట కొట్టాలన్న లెక్క ప్రకారం ఇప్పుడు నేను మోగాలి! ఆవిడ వేలు ఇంకా నా నెత్తిమీదే ఉంది.

"పర్లేదు మేడమ్," అంది కెజియా, మంచం పక్కన నిలబడి మాట్లాడినంత మెల్లగా. "నిదానంగా అడగండి. నేనుంటాను."

మేడమ్ నా మీద నుంచి చెయ్యి తీసేసింది. చాలాసేపటికి ప్రశ్న వచ్చింది: మరి నిన్నెందుకు ముట్టుకోనిచ్చింది?

కెజియా తప్పుల జర్మన్‌లో చెప్పింది. ముందు తన చేతికి కట్టు కట్టుకుని, ఆ పిల్లచేత విప్పించుకుందట. నొప్పి పుడితే ఆపమని అరుస్తాను, ఆపాలి సుమా అందట. తర్వాత పిల్ల తన చెయ్యి చాపిందట.

మేడమ్ ఆమెను పాస్ చేసింది. ఆపైన మొదటి అమ్మాయిని వెనక్కి పిలిచింది.

"ఆ తాతగారి పేరేంటమ్మా?"

"మాస్టారు పేరు చెప్పలేదు మేడమ్."

నన్ను మోగిస్తుందనుకున్నాను. మోగించలేదు. నన్ను తీసి సొరుగులో పెట్టి, "నువ్వు చూసుకున్న రోగి ఒకరుంటారు గదా," అంది. "ఆలోచించుకో."

సొరుగు చీకట్లో చెవి రిక్కించాను. తర్వాత ఆ అమ్మాయి గొంతు, పొద్దున్న విన్న గొంతేనా అనిపించేంత తడబడుతూ, ఒక పేరు చెప్పి ఏడ్చింది.