నీళ్ల మీద తవిటమ్మ బేరం

తెల్లారేసరికి చేపలమ్మే తవిటమ్మ విశాఖ చేపలరేవులో ఉండాల్సిందే. ముప్పై ఏళ్ల అలవాటు. రెండువేల తొమ్మిదిలో జెట్టీ మీద జారి కాలు విరగ్గొట్టుకుని, మధురవాడలో మనవరాలు ధనశ్రీ ఫ్లాట్‌లో మంచమెక్కింది. ఇక జన్మలో గంప ఎత్తొద్దన్నాడు డాక్టరు. రేవులో ఆమె కూర్చునే చోటు మీద అప్పుడే నలుగురి కన్ను పడింది.

ధనశ్రీ పనిచేసే కంపెనీ ఓ బండి తయారుచేస్తోంది. మూడు చక్రాలు, నిలువెత్తు గొట్టం, పైన చిన్న టీవీ, కెమెరా. నడిపి చూడాలనే వంకతో ధనశ్రీ దాన్ని రేవులో దింపింది. ఇంట్లో కంప్యూటర్ ముందు తవిటమ్మ మాట్లాడితే, రేవులో ఆ టీవీలో ఆమె ముఖం కనపడేది. ఆఫీసులో కూర్చుని మీటలు నొక్కి ధనశ్రీ బండి నడిపేది. మొదటి వారంలోనే ఆరు గంపలు బోర్లాపడ్డాయి. తిట్లన్నీ తవిటమ్మ ముఖానికే.

విసుగెత్తి ధనశ్రీ దానికి సొంత బుర్ర పెట్టింది.

"అమ్మమ్మా, ఇక దారి అదే సూసుకుంటది. నువ్వు మాట్లాడితే సాలు."

మర్నాడు బండి జెట్టీ అంచుదాకా వెళ్లి, ఆగకుండా నీళ్ల మీదకు దిగి, వస్తున్న పడవలకు ఎదురెళ్లింది. చక్రాలైనా సరిగా తడవలేదు. తవిటమ్మ అక్కడే వంజరం చేపలు బేరమాడేసింది. రేవులో ఎవరూ నోరెళ్లబెట్టలేదు గానీ, ఆడవాళ్లు మాత్రం తగువుకొచ్చారు.

"మేం గట్టున నిల్సుంటే నువ్వు ముందే ఎల్లిపోతావా? ఇదేటి నాయం?"

"కాలిరిగినోల్లకి ఆ మాత్రం ఉండాల!" అంది టీవీలో తవిటమ్మ.

బేరమైతే కుదిరింది, గంప పట్టేదెవరు? కూలికి కుదుర్చుకున్న మనిషి రాలేదు. చేపలెవరికివ్వాలని పడవవాళ్లు అరుస్తున్నారు. బండి తిన్నగా గట్టెక్కి, అక్కడే చేపలమ్మే కాసులమ్మ ముందు ఆగింది.

ఎప్పుడో ఓ వంజరం బేరం దగ్గర మాటామాటా పెరిగి, తవిటమ్మకూ ఆమెకూ పదకొండేళ్లుగా మాటల్లేవు.

"నాను ఇక్కడాగమన్లేదే! ధనా, దీన్ని అవతలికి లాగే!"

"నా సేతిలో ఏటుందమ్మమ్మా? అదే ఆగింది," అంది ఫోన్లో ధనశ్రీ.

తవిటమ్మ మొహం తిప్పేసుకుంది. టీవీ నిండా ఆమె చెవి. కాసులమ్మ ఆ చెవిని చాలాసేపు చూసింది.

"జూకాలు కొత్తయా?"

"...మా ధన కొన్నాది."

"బాగున్నాయి. కాలెలాగుందే?"

టీవీలోంచి ముక్కు చీదిన చప్పుడొచ్చింది. "గంప ఎత్తొద్దన్నాడే డాక్టరు."

"నానెత్తుతాను. నువ్వు నీల్లమీదకెల్లి బేరమాడు. నీ నోటికైతే పడవోల్లు బయపడతారు."

కాసులమ్మ తన గోనెపట్టా మీద పక్కకు జరిగి బండికి చోటిచ్చింది. మధురవాడలో మంచం మీద తవిటమ్మ కూడా కొంచెం సర్దుకుని కూర్చుంది, కాసులమ్మకు ఇరుకవకుండా.