హజరత్‌వలి చదువుతున్న బొమ్మ

హిందూపురంలో పట్టుగూళ్లు కొనే యల్లప్ప దగ్గర హజరత్‌వలి ఇరవై రెండేళ్లుగా చీటీలు చూసే పనిలో ఉన్నాడు. రైతులు తెచ్చిన గూళ్ల మీద పెట్టిన చీటీల్లో పేరూ నంబరూ సరిచూసి మూటలు కట్టించాలి. అంకెలు అతనికి వచ్చు. అక్షరాలు రావు. ఆ సంగతి భార్య జమ్రూద్‌కు తప్ప ఎవరికీ తెలియదు. రైతు ముఖం చూస్తే పేరు గుర్తుకొచ్చేది. కొత్తవాడైతే "యా ఊరప్పా, పేరేమి?" అని మాటల్లో పెట్టి రాబట్టేవాడు.

యాభై ఏడో ఏట పేర్లు మరిచిపోవడం మొదలయ్యాక భయం పట్టుకుంది. ఒక మధ్యాహ్నం తన వీధి చివరనున్న చిన్న ప్రైవేటు గ్రంథాలయానికి వెళ్లి, అక్కడ పనిచేసే వనితను అడిగాడు. "అక్షరాలు నేర్పిస్తావా అమ్మా? ఎవురికీ చెప్పొద్దు."

వనిత మనసుపెట్టే నేర్పింది. నాలుగు నెలలకు చిన్న మాటలు కూడబలుక్కుని చదివే దాకా వచ్చాడు.

ఆ రోజుల్లోనే గ్రంథాలయం కమిటీ పెద్ద చెన్నప్ప ఆమెకు గడువు పెట్టాడు. ఏడాది చివరికి వందమంది కొత్త సభ్యులు చేరకపోతే తలుపులు మూసేద్దామన్నాడు. వనిత ఫోనులో కదిలే బొమ్మలు చేయడం నేర్చుకుంది. వరసగా తీసిన ఏడెనిమిది ఫొటోలు కలిపితే మూడు సెకన్ల బొమ్మ అవుతుంది. అయిపోగానే మళ్లీ మొదటికొచ్చి ఆడుతూనే ఉంటుంది. పేజీలు తిరిగే పుస్తకం, బీరువా వెనకనుంచి తొంగిచూసే పిల్లి చేసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టింది. ఎవరూ పట్టించుకోలేదు.

అప్పుడు హజరత్‌వలి చదువుతుండగా ఫొటోలు తీసింది.

"ముఖం రాకూడదమ్మా," అన్నాడతను.

"రాదులే మామా."

ఫొటోల్లో ముఖం కత్తిరించి చూస్తే ఒట్టి వేలు, పుస్తకం. ముఖంతో చూస్తే కనుబొమలు ముడిపడుతూ, పెదవులు విడివడుతూ, బొమ్మకు ప్రాణం వచ్చింది. ముఖంతోనే పంపింది. కింద "ఈయన మొదలుపెట్టాడు. మీరెప్పుడు?" అని రాసింది.

రెండు రోజుల్లో అది ఊరంతా తిరిగింది. మార్కెట్లో హమాలీలు ఆ మాట తీసేసి "మా చీటీల మేస్త్రీ" అని రాసి పంచుకున్నారు. అతను ఎదురైతే గాలిలో వేలు జరుపుతూ పెదవులు కదిపేవారు.

హజరత్‌వలి గ్రంథాలయానికి వచ్చాడు. కూర్చోలేదు.

"అది తీసెయ్యమ్మా."

"తీసేస్తా మామా. ఆదివారం గ్రంథాలయం మీటింగుండాది, అది కానీ. అది చూసినాకే అరవై మంది చేరినారు."

"నన్ను చూసి నగేదానికా?"

"నగితే నగనీ. నువ్వు చేసేది తప్పు పనా?"

"తప్పని కాదమ్మా. యల్లప్పకు తెలిస్తే నా పని పోతాది."

వనిత ఆ మాట విన్నది. ఇంకా మూడు రోజులే కదా అనుకుంది. "మీటింగుకు రా మామా. శాలువా కప్పుతారు. అందరి ముందర మర్యాద జరిగితే నోళ్లు మూతపడతాయి," అని నచ్చజెప్పింది. అతను నమ్మాడు.

ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, జమ్రూద్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. ముందు వరసలో యల్లప్ప కూర్చుని ఉన్నాడు. వేదిక మీద తెర కట్టి ఆ బొమ్మను ఆడిస్తున్నారు. చెన్నప్ప ఉపన్యాసం ఇచ్చినంతసేపూ వెనక తెరమీద హజరత్‌వలి అదే మాట మొదలుపెడుతూ ఉన్నాడు. శాలువా కప్పాక చెన్నప్ప అతని చేతికి మైకు ఇచ్చి, గోడమీద గ్రంథాలయం పేరు రాసిన బ్యానరు చూపించాడు.

"చదువప్పా, అందరూ వింటారు."

ఆ మాటలు అతనికి తెలిసినవే. మైకు నోటి దాకా తెచ్చి దించేశాడు. వెనకనుంచి ఎవరో నత్తినత్తిగా చదివి వెక్కిరించారు. హాలంతా నవ్వింది. పక్కనున్న వనిత మెల్లగా మొదటి అక్షరం చెప్పింది. హజరత్‌వలి మైకు ఆమె చేతిలో పెట్టి దిగిపోయాడు.

మర్నాడు యల్లప్ప చీటీల కట్ట వేరేవాడికి ఇచ్చాడు.

"ఇన్నేండ్లలో ఒక్కటీ తప్పలేదు కదన్నా," అన్నాడు హజరత్‌వలి.

"తప్పలేదో, తప్పినా నాకు తెలీలేదో. మూటలు మోస్తానంటే ఉండు."

మూడు వారాలు మోశాడు. నడుము పట్టేసింది. తర్వాత వెళ్లలేదు.

వనిత ఒకసారి వాళ్లింటికి వెళ్లింది. జమ్రూద్ గడపలోనే నిలబడి "ఆయన ఈడ లేడు" అంది. లోపల అతని దగ్గు వినిపిస్తూనే ఉంది.

ఏడాది చివరికి నూట ముప్పై మంది చేరారు. పెనుకొండలో, ధర్మవరంలో గ్రంథాలయాలు నడిపేవాళ్లు బొమ్మలు చేయడం నేర్పమని వనితను పిలిచారు. ధర్మవరంలో కీర్తన అనే అమ్మాయి తెరమీద ఆడుతున్న హజరత్‌వలిని చూసి ముచ్చటపడింది.

"ఈ పెద్దాయనకు ఇప్పుడు చదవడం పూర్తిగా వచ్చినాదా అక్కా?"

"వచ్చినాది," అంది వనిత. "పేపరు గూడా చదువుతాండాడు."

కీర్తన సంతోషంగా తలూపింది. వనిత తర్వాతి పాఠం మొదలుపెట్టింది.